తోడుపేగు

చంపాను. నూట నలభై మూడు తోడుపేగుల్ని ఒకే మధ్యాహ్నం ఆకలితో మాడ్చి చంపాను. సంస్థ నాకు పంపిన అభియోగపత్రంలో నిజం ఆ ఒక్క ముక్కే. మిగిలినవన్నీ, ‘దురుద్దేశంతో’, ‘మానసిక స్థితి సరిగా లేక’, ‘వైద్య విజ్ఞానానికి తీరని నష్టం’, ఇవన్నీ ఏసీ గదిలో కూర్చుని ఎవరో తీరిగ్గా అల్లినవి. జవాబు రాయడానికి పదిహేను రోజులు గడువిచ్చారు. కడుపు మండుతున్న మనిషికి పదిహేను రోజులెందుకు, ఒక పూట చాలు.

నా పేరు దీనా. మంగళగిరి దగ్గర హైవే పక్కనున్న పరిశోధన సంస్థలో పన్నెండేళ్ళుగా టెక్నీషియన్ని. నా పని కణాలకు తిండి పెట్టడం. నవ్వకండి, మా భాషలో దాన్ని అలాగే అంటారు. మనిషి శరీరం నుంచి తీసిన కణాల్ని గాజు పలకల్లో పెంచుతాం. వాటికి గులాబీ రంగు ద్రవం పోయాలి, పాతది తీసి కొత్తది పోయాలి, వేడి ముప్పై ఏడు డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. పసిబిడ్డకైనా ఒక పూట ఆలస్యంగా పాలు పట్టొచ్చేమో గాని వీటికి కుదరదు.

కొలెస్ట్రాల్ మాత్రలు మీ ఇంట్లో ఎవరో ఒకరు వేసుకుంటూనే ఉంటారు. స్టాటిన్లు. ఆ మాత్రను మింగితే చాలావరకు కాలేయమే పట్టేసుకుంటుంది. మా డైరెక్టర్ డాక్టర్ శశిధర్ గారు దాన్ని మార్చారు. కాలేయానికి చిక్కకుండా తిన్నగా పెద్దపేగుకు చేరేలా చేశారు. (మీ ఇంట్లో మాత్రలు పారేయకండి. ఇది ఆ మాత్ర కాదు.) మొదటిసారి దాని ప్రభావం చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. సూక్ష్మదర్శిని కింద పలక పెట్టి పిలిచారాయన. పలకలో సన్నటి కాలువలు రెండు. ఎడమ కాలువలో ఒక రోగి ఆరోగ్యమైన పేగు కణాలు, కుడి కాలువలో అదే మనిషి కేన్సర్ కణాలు. రెండింటి మీదా ఒకే మందు. కుడివైపు కణాలు ముడుచుకుపోయి, పలక వదిలేసి నీళ్ళమీద తేలుతున్నాయి. ఎడమవైపువి చెక్కుచెదరలేదు.

“కణం తన కొలెస్ట్రాల్ తాను తయారు చేసుకోకుండా మందు ఆపుతుంది. మంచి కణం బయట దొరికిన తిండితో సర్దుకుంటుంది. కేన్సర్ కణం తెగ పెరిగే తొందరలో ఉంటుంది కదా, దానికి అది చాలదు. అందుకని చస్తుంది,” అన్నారాయన. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాను. ఆ రోజు ఆయనంటే నాకు దేవుడే.

తర్వాత వచ్చింది తోడుపేగు. ప్రతి రోగికీ అరచేతిలో పట్టే గాజు పలక ఒకటి, అందులో అతని పేగు నుంచే తీసిన మంచి కణాలు, చెడ్డ కణాలు పక్కపక్కన. రోగి పొట్ట మీద చర్మం కింద చిన్న పంపు కుడతారు. మా గదిలో కెమెరా ఆ పలకను చూస్తూ ఉంటుంది. రోజూ సాయంత్రం ఆరింటికి యంత్రం లెక్క చూసుకుంటుంది. ఎడమవైపు కళకళలాడుతుంటే రోగికి మోతాదు పెంచుతుంది, మసకబారితే తగ్గిస్తుంది, ఎర్ర దీపం వెలిగితే పంపు ఆపేస్తుంది. డాక్టరు రోగి మొహం చూడాల్సిన పని లేదు. “మనిషి అబద్ధం చెప్పొచ్చు, తోడుపేగు చెప్పదు,” అని శశిధర్ గారు ప్రతి మీటింగులోనూ అనేవారు. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. నేనూ కొట్టాను.

మూడేళ్ళ కిందట, మనుషుల మీద ట్రయలు మొదలవడానికి ఏడాది ముందు, ఒక సంగతి జరిగింది. మా దగ్గర ఒక అలవాటుంది. శనివారం సాయంత్రం కణాలకు రెండింతలు తిండి పోసి, ఆదివారం ఎవరూ రారు. ఎక్కడైనా అంతే. ఆ వారం సోమవారం రాష్ట్ర బంద్ వచ్చిపడింది. బస్సులు లేవు, ఆటోలు లేవు, హైవే మీద టైర్లు తగలబెట్టారు. మంగళవారం పొద్దున నేను వెళ్ళేసరికి మందు వేసిన ఇరవై పలకల్లో రెండు వైపులా కణాలు చచ్చి తేలుతున్నాయి. మంచివీ, చెడ్డవీ.

మందు వెయ్యని పలకలు కూడా అదే అరలో, అదే ఆకలితో ఉన్నాయి. వాటికేమీ కాలేదు. కాస్త నీరసించాయి, తిండి పోయగానే కోలుకున్నాయి. చదువుకున్నది బీయస్సీయే అయినా నాకు అర్థమైంది. చంపింది ఆకలి ఒక్కటే కాదు, మందు ఒక్కటే కాదు. రెండూ కలిస్తే మంచి కణం కూడా నిలవదు. సొంత తయారీ మందు ఆపేస్తుంది, బయటి తిండి ఉండదు, ఇక అదెలా బతుకుతుంది? పుస్తకంలో అంతా ఎర్ర సిరాతో రాసి పట్టుకెళ్ళాను.

శశిధర్ గారు చదివి కళ్ళజోడు తీశారు. “నువ్వు రాలేదు, తిండి లేక చచ్చాయి. ఇందులో కొత్త విషయం ఏముందమ్మా?”

“మందు వెయ్యనివి బతికే ఉన్నాయి సార్.”

“చూడు దీనా. వచ్చే నెల అనుమతుల కమిటీ. ఇప్పుడు ఈ ఇరవై పలకలు లెక్కలోకి తీసుకుంటే ఏడాది వెనక్కి పోతాం. ఆ ఏడాదిలో ఎంతమంది కేన్సర్‌తో పోతారో తెలుసా? గాజు పలకకు బంద్ ఉంటుంది గాని కడుపుకు ఉండదు. మనుషులు రోజూ తింటారమ్మా.”

మనుషులు రోజూ తింటారు. అంత చదువుకున్న పెద్దమనిషి నోటి నుంచి వచ్చిన మాట అది. ఆయన ఇంట్లో తింటారు. టేబుల్ మీద మూతలు పెట్టి ఉంటాయి. కాని నేను పుట్టి పెరిగింది గుంటూరు నల్లచెరువు బస్తీలో. పగలు పస్తుండి రాత్రికి వండుకునేవాళ్ళ మధ్య పెరిగాను. ఆ మాట తప్పని నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ‘సాంకేతిక సిబ్బంది నిర్లక్ష్యం వల్ల ఇరవై పలకలు పాడయ్యాయి, వాటిని లెక్క నుంచి తొలగించడమైనది’ అని టైపు చేసిన కాగితం మర్నాడు నా ముందు పెట్టారు. సంతకం పెట్టాను. రెండు నెలలకు నా కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటయింది. కాకతాళీయం అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను, నా మొహం కాకతాళీయం.

మా అక్క సలోమికి పెద్దపేగు కేన్సర్ బయటపడింది కిందటి క్రిస్మస్ ముందు. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, దానికి పదిహేను. మిర్చి యార్డు దగ్గర కోల్డ్ స్టోరేజీలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ నన్ను చదివించింది. రోజంతా మిరపకాయల్లో చేతులుపెట్టే మనిషి రాత్రి నా తల దువ్వాలన్నా భయపడేది, కళ్ళకు కారం తగులుతుందని. అలాంటి మనిషిని బతికించుకోవడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. శశిధర్ గారి గది ముందు మూడు రోజులు నిలబడి అక్క పేరు ట్రయలులో రాయించాను. దాని తోడుపేగు నంబరు అరవై ఒకటి.

పద్దెనిమిది పేజీల ఫారం నేనే నింపాను. సుగరుందా, బీపీ ఉందా, పొగ తాగుతారా, మద్యం అలవాటుందా, ఇంట్లో ఇంకెవరికైనా కేన్సర్ ఉందా. అన్నీ అడిగారు. రెండు పూటలా అన్నం తింటున్నారా అన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. అది ఉండాలని తెలిసిన ఒకే ఒక్క మనిషిని నేను. అప్పుడైనా నోరు తెరిచానా? అక్క తింటుందిలే, వండి పెట్టడం తప్ప దానికి వేరే ధ్యాసేముంది, అనుకున్నాను.

ఫిబ్రవరి నుంచి అక్కకు మందు మొదలైంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి నేను ట్యాంకు నింపుతాను, సన్నటి గొట్టాల గుండా పలకలన్నిటికీ మందు కలిసిన గులాబీ ద్రవం పారుతుంది. ముందు అరవై ఒకటి దగ్గరికే వెళ్ళేదాన్ని. కుడివైపు అక్క కేన్సర్ రోజురోజుకీ పలచబడుతోంది. ఎడమవైపు నిగనిగలాడుతోంది. యంత్రం మురిసిపోయి మోతాదు పెంచుకుంటూ పోయింది. మూడు పాయింట్ల దగ్గర మొదలైనది మార్చి మధ్యకు తొమ్మిదైంది. అక్కకు ఫోన్ చేసి నీ కేన్సర్ సగమైందే అని చెప్పాను.

“సంతోషమే గాని, కడుపులో కారం రాసినట్టు మండతందే. రెండు రోజుల్నించి రక్తం కూడా పడతంది,” అంది అక్క.

ఆసుపత్రికి వెళ్ళమన్నాను. వెళ్ళింది. వాళ్ళు కంప్యూటర్లో చూసి, తోడుపేగు బ్రహ్మాండంగా ఉంది, కేన్సర్ కణాలు ఊడిపోయేటప్పుడు కొంచెం రక్తం మామూలే అని పంపించేశారు. మనిషి అబద్ధం చెప్పొచ్చు కదా మరి.

మంగళవారం సెలవు పెట్టి గుంటూరు వెళ్ళాను. అక్క చాప మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చుంది. తల నున్నగా దువ్వి, మొహానికి పౌడరు రాసి ఉంది, కాని చెంపలు లోపలికి పోయాయి. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పొయ్యి చల్లగా ఉంది. అన్నం గిన్నె కడిగి బోర్లించి ఉంది.

“తిన్నావా అక్కా?”

“తింటాలే. నీకు వండుతా ఆగు.”

“పొద్దున ఏం తిన్నావు?”

అక్క చెంగు సర్దుకుంది. అప్పుడు నాకు తట్టింది. అవి శ్రమ దినాలు, ఈస్టరుకు ముందు నలభై రోజులు. మా వాళ్ళలో ఉపవాసం ఉన్న సంగతి ఎవరికీ చెప్పుకోకూడదు. చెబితే ఫలం పోతుందంటారు. నీరసం కనబడకుండా తల దువ్వుకుని, మొహం కడుక్కుని, నవ్వుతూ తిరగాలి. తోడబుట్టినదానికైనా, డాక్టరుకైనా చెప్పరు.

“ఎన్నాళ్ళ నుంచి ఉంటన్నావు?”

“అట్టాంటివి అడక్కూడదే.”

“అక్కా, ఒట్టు. చెప్పకపోతే ఇక్కడ్నించి కదలను.”

“ముప్పై మూడో రోజు. పొద్దుగూకినాక ఇంత గంజి తాగుతున్నాలే. ఇంకో వారం ఓర్చుకుంటే అయిపోద్ది.”

“ఎప్పుడూ శుక్రవారాలేగా ఉండేదానివి.”

“నీ ఉద్యోగం పర్మనెంటయితే ఏటా నలభై రోజులూ ఉంటానని మొక్కుకున్నా. ఆయన ఇచ్చాడు. రోగం వచ్చిందని ఎగ్గొడితే ఎట్టా?”

పెద్దపేగు కణాలు తమ తిండి చాలావరకు మనం తిన్నదాని నుంచే తీసుకుంటాయి. మనిషి పస్తుంటే ముందు మాడేది అవే. ముప్పై మూడు రోజులుగా నేను పొద్దున్నే అక్క తోడుపేగుకు కడుపునిండా పెడుతున్నాను, అక్క పేగు మాత్రం ఎండుతోంది. గాజులో ఉన్న పేగును చూసి యంత్రం ఒంట్లో ఉన్న పేగుకు మందు పెంచుతోంది.

అక్కడే నిలబడి శశిధర్ గారికి ఫోన్ చేశాను. అరవై ఒకటి పంపు ఆపాలి అన్నాను.

“పలక ఎలా ఉంది?” అన్నారు.

“పలక బాగానే ఉంది సార్. మనిషి బాగాలేదు. ముప్పై మూడు రోజులుగా పగలు ఏమీ తినటం లేదు. బంద్ రోజు జరిగింది గుర్తు తెచ్చుకోండి.”

“బంద్ రోజు ఏం జరిగిందో రికార్డులో ఉందమ్మా. నీ సంతకంతో సహా,” అని పెట్టేశారు.

ఒళ్ళు భగ్గుమంది. అక్కను ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డ్యూటీ డాక్టరు చిన్నపిల్ల, మంచిదే, సెలైన్ పెట్టింది. పంపు ఆపమంటే తల అడ్డంగా ఊపింది. “పచ్చ దీపం ఉంటే ఆపే అధికారం మాకు లేదండి. చర్మం కింద ఉంది, ఊరికే లాగేయలేం. మీ సంస్థ వాళ్ళు చెప్పాలి, లేకపోతే తోడుపేగు చెప్పాలి.”

సాయంత్రం ఆరింటికి ఇంకో మోతాదు పడుతుంది. పది పాయింట్లు.

సరే, తోడుపేగుతోనే చెప్పిద్దామనుకున్నాను. రెండున్నరకు లాబ్‌లో ఉన్నాను. చేతులు కడుక్కుని, గౌను వేసుకుని, అన్నీ పద్ధతి ప్రకారమే చేశాను. అరవై ఒకటో పలక గొట్టం తీసి, గులాబీ ద్రవం మొత్తం లాగేసి, దాని బదులు మందు కలిపిన ఉత్త ఉప్పునీళ్ళు పోశాను. దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. గంట గడిచేసరికి ఎడమ కాలువ అంచులు మసకబారాయి. ఇంకో పావుగంటకు కణాలు ఒకటొకటిగా పలక వదిలేసి తేలాయి. అవి అక్క కణాలు. అదంతా అక్క లోపల ఎప్పుడో జరిగిపోయిందని తెలిసి కూడా కళ్ళు తిప్పుకోకుండా చూశాను. నాలుగుంపావుకు ఎర్ర దీపం వెలిగింది. ఆరింటికి అక్క పంపు ఆగుతుంది.

అప్పుడు లేచి వెళ్ళిపోవాల్సింది. నా పని అయిపోయింది కదా. కాని ఆ అరల్లో ఇంకా నూట నలభై రెండు పచ్చ దీపాలున్నాయి. వాళ్ళలో ఎంతమంది ఈ మధ్యాహ్నం తిన్నారు? ఎవరికి తెలుసు? ఎవరు అడిగారు? కిందటి నెల ముప్పై నాలుగో నంబరు పోయాడు, తెనాలి ఆటో డ్రైవరు. విరేచనాల వల్ల అని రాసి పలక తీసి పక్కన పెట్టమన్నారు. దాని ఎడమవైపు ఎంత నిగనిగలాడుతోందో చూశాను, తీసిన చేతులు నావే. అదేమిటని అప్పుడు నేను అడగలేదు. ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. గులాబీ సీసా విప్పి మందు కలిపిన ఉప్పునీళ్ళ సీసా తగిలించాను. అంతే, ఒక్క సీసా. ఆరుకు పది నిమిషాలుండగా గది మొత్తం ఎర్రబడింది.

శశిధర్ గారు పరుగెత్తుకొచ్చారు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నారు. అరల వంక చూసి కుర్చీలో కూలబడ్డారు. “ఏం చేశావో తెలుస్తోందా నీకు?”

“బంద్ రోజు జరిగిందే మళ్ళీ చేశాను సార్. ఈసారి కెమెరా చూస్తుండగా.”

“వీళ్ళలో సగం మందికి కేన్సర్ తగ్గుతోంది. వాళ్ళను నువ్వు చంపావు.”

అది అబద్ధం కాదు. రెండు రోజుల తర్వాత పన్నెండో నంబరు పెద్దాయన కూతురు మా గేటు దగ్గర నన్ను పట్టుకుంది. “మా నాన్నకు గడ్డ కరిగిపోతోంది. మీకేం అడ్డమొచ్చాడండీ ఆయన?” అని నిలదీసింది. ఆయన వేళకు తినేవాడు. ఆయనకు మందు అచ్చంగా మందే. ఆమెకు చేతులు జోడించడం తప్ప నేనేమీ చేయలేకపోయాను. బంద్ తర్వాత ఆ ఇరవై పలకల్ని లెక్కలో ఉంచి ఉంటే, ఫారంలో ఒక్క ప్రశ్న పెట్టి ఉంటే, ఆయనకు మందు ఆగేది కాదు, అక్కకు పేగు ఎండేది కాదు. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమని దేవుడు అడగలేదు. ఒక కాగితం అలా చేసింది.

అందరినీ పిలిచి పరీక్షించారు. పందొమ్మిది మందికి పేగు లోపలి పొర ఊడిపోయి ఉంది. అందరూ ఉపవాసాల వాళ్ళేం కాదు. కొందరికి మధ్యాహ్నం తినే అలవాటు లేదు, కొందరికి తినే వీలు లేదు. ఇంతా జరిగాక సంస్థ పత్రికలకిచ్చిన ప్రకటన చూడాలి మీరు. ‘మా తోడుపేగు భద్రతా వ్యవస్థ సకాలంలో స్పందించి పెను ప్రమాదాన్ని నివారించింది.’ చదివి నేను ఆ పేపరు నలిపి కిటికీలోంచి విసిరేశాను. నాకేమో అభియోగపత్రం, గాజు పలకలకేమో మెచ్చుకోలు.

అక్కకు పెద్దపేగు మొత్తం తీసేశారు. బతికింది. కేన్సరూ పోయింది, పేగూ పోయింది. పొట్ట పక్కన మలానికి సంచి. నోటితో ఏమీ తినకూడదన్నారు, కొన్ని నెలలపాటు నరంలోంచే తిండి. తెల్లటి ద్రవం సంచి ఎనిమిదింటికి ఒకటి, ఆరింటికి ఒకటి మార్చేది నేనే.

నిన్న పొద్దున నా జవాబు రాయడం పూర్తయింది. పదకొండు పేజీలు. శశిధర్ గారిని ఉతికి ఆరేశాను. మొదటి పేజీ మొదటి వాక్యమే ‘ఈ మరణాలకు, ఈ గాయాలకు కారకుడు డాక్టర్ శశిధర్’ అని. మంచం పక్కన కూర్చుని అక్కకు చదివి వినిపించాను. వింటుంటే దానికి ధైర్యం వస్తుందనుకున్నాను. కళ్ళు మూసుకుని వింది. నాలుగో పేజీ దగ్గర చెయ్యెత్తి ఆపింది.

“ఆ బంద్ సంగతి మళ్ళీ చదువు.”

చదివాను. ‘ఇరవై పలకల ఫలితాలను లెక్క నుంచి తొలగించడం జరిగింది.’

“జరిగిందేంది, ఎవరో తియ్యాలిగా. ఎవరు తీశారు?”

“ఆయనే అక్కా. కాగితం టైపు చేయించి తెచ్చాడు.”

“సంతకం?”

దాని కళ్ళు తెరుచుకుని నా మీదే ఉన్నాయి.

“నాదే,” అన్నాను.

“అంటే నన్ను చేర్పించేటప్పుడు నీకు తెలుసు.”

“తెలుసు. నువ్వు తింటావులే అనుకున్నా.”

“ఎప్పుడు పెట్టావు సంతకం?”

“పర్మనెంటు కావటానికి రెండు నెలల ముందు.”

అక్క కోప్పడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. తల అటు తిప్పుకుని గోడతో అన్నట్టు అంది.

“మరైతే నేను మూడేళ్ళు ఉపవాసం ఉన్నది దేనికే?”

తిండి సంచి మార్చే వేళయింది. లేచి మార్చబోతే చెయ్యి పక్కకు నెట్టింది. “నర్సును పిలువు,” అంది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. పదకొండు పేజీల్లో మొదటిది చింపేశాను. కొత్త కాగితం మీద, కారకులు ఇద్దరు, అని మొదలుపెట్టి ముందు నా పేరు రాశాను.